పదకొండు నుంచి పదకొండున్నర

ఆ ఉదయం పిన్ని వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికల్లా స్టూడియో గోడలకున్న బొంతలు దులపాలి. పదింటికల్లా లాగ్ పుస్తకంలో నిన్నటి పేజీ పూర్తిచేయాలి. పదిన్నరకి తనిఖీ అధికారి వస్తే కూర్చోబెట్టి మంచినీళ్లివ్వాలి. పదకొండు నుంచి పదకొండున్నర దాకా రేడియో ఆగకుండా చూసుకోవాలి. మొదటి మూడింటికీ ఆమె ఒక్కతే చాలు. నాలుగోదానికి మాత్రం బాబాయి కావాలి. తంటా అక్కడే మొదలైంది.

పిన్ని అంటే ఆ ఊరి రేడియో పిన్ని. ఆమెకంటే పదేళ్లు పెద్దవాళ్లు కూడా పిన్నీ అనే పిలుస్తారు. అందుచేత ఆమె భర్తకి ఊరందరికీ బాబాయి కాక తప్పలేదు. ఆయనది కింద గదిలో మిక్సీలూ ఫ్యాన్లూ బాగుచేసే దుకాణం. పైనున్న రెండు గదులూ రేడియోవి. ఒక గదిలో బల్ల, మైకు, గోడలకి ప్రతిధ్వని రాకుండా పిన్ని పాత చీరలతో కుట్టి వేలాడదీసిన బొంతలు. రెండో గదిలో ఒక ముసలి కంప్యూటరు, ఇనప్పెట్టెలాంటి ట్రాన్స్‌మిటరు. దాని గొంతు ఊరు దాటి నాలుగు పొలాల అవతలిదాకా వెళుతుంది. అంతకుమించి వెళ్లకూడదని లైసెన్సులో రాసి ఉంది. వెళ్లదని బాబాయికి తెలుసు.

ఆ పెట్టెకో జబ్బుంది. నాలుగేళ్ల కిందట ఆ గదిలో ఏసీ చచ్చిపోయింది. బాగుచేయించుకోవడానికి సాయం అడిగితే, కొత్త యంత్రాలకే తప్ప మరమ్మతులకి నిధులివ్వమన్నారు. సరే, కొత్తదే ఇప్పించమని రాస్తే, మీ రేడియో పాతదాంతోనే బాగా నడుస్తోంది కదా అన్నారు. బాగా నడపడమే తప్పయిపోయిందని పిన్ని అప్పుడే గ్రహించింది. ప్రకటనల ఆదాయమా అంటే, గంటకి ఇన్ని నిమిషాలకి మించి వేయకూడదని నియమం. ఆ కాసిని నిమిషాలకీ ఎదురింటి దర్జీ కర్టెన్లు కుట్టిపెట్టేవాడు, టీకొట్టాయన టీ పోసేవాడు. ఏసీ ఇచ్చేవాళ్లెవరూ ఆ ఊళ్లో ప్రకటనలు వేయించుకోరు.

అందుకని బాబాయి ఒక చిట్కా కనిపెట్టాడు. రోజూ పదకొండు కొట్టేసరికి పెట్టె మీద అరచెయ్యి పెట్టి, జ్వరం చూసినట్టు చూసి, స్విచ్ ఆపేసేవాడు. పెట్టె అరగంట కునుకు తీసేది. పదకొండున్నరకి మళ్లీ లేచి, సాయంత్రం ఆరుదాకా మారాం చేయకుండా పాడేది. నాలుగేళ్లుగా పనిచేస్తున్న ఆ ఏర్పాటు పిన్నికి మాత్రం ప్రాణసంకటంగా ఉండేది. బంధువుల ముందు చిరిగిన దుప్పటి పరిచినట్టుండేది ఆమెకి ఆ అరగంట.

"ఆపకపోతే అది కాలిపోతుందే," అన్నాడు బాబాయి స్క్రూడ్రైవరు చెవి వెనక పెట్టుకుంటూ.

"అధికారి కళ్లెదుట రేడియో మూగబోతే లైసెన్సే కాలిపోతుంది. దానికి గడువు ఇంకా తొమ్మిది రోజులే ఉంది. ఏది నయమో మీరే చెప్పండి."

"రెండూ కాలని దారి ఏదన్నా..."

"ఉంది. మీ కొట్లో టేబుల్ ఫ్యాన్లు ఎన్నున్నాయి?"

"మూడు. కానీ అవి రిపేరుకొచ్చినవి. తిరిగేవైతే నా దగ్గరికెందుకు తెస్తారు?"

"పదిన్నరలోగా తిప్పండి," అని పిన్ని బొంతలు దులపడానికి వెళ్లిపోయింది.

ఫ్యాన్లు సరే. ఆ అరగంటా వినిపించడానికి ఏదో ఒకటి కావాలి కదా. కంప్యూటరులో కార్యక్రమాలు ఉన్నాయిగానీ, అది ముందురోజే చెప్పని పని ఒక్కటీ చేయదు. అందుకని పిన్ని అత్తగారిని ఆశ్రయించింది. వారానికోసారి 'అడగండి, చెబుతా' అంటూ ఇంటి చిట్కాలు చెప్పే డెబ్భై ఎనిమిదేళ్ల ఆ పెద్దావిడకి వచ్చినన్ని ఉత్తరాలు ఆ రేడియోలో ఇంకెవరికీ రావు.

"ఒక్క అరగంట మాట్లాడితే చాలు, అత్తయ్యా."

"అరగంటలో ఏం చెప్పనే? గొంతు సవరించుకోవడానికే చాలదు."

"వార్తలు మాత్రం చెప్పకండి. మనలాంటి చిన్న రేడియోలు వార్తలు చెప్పకూడదు. అధికారి పక్కగదిలోనే ఉంటారు."

"ఇంటిపట్టున కూర్చునేదాన్ని, నాకు వార్తలెక్కడ తెలుస్తాయే అమ్మాయ్!" అంది అత్తగారు. ఏ ఇంట్లో ఎవరు అలిగారో ఆ ఇంటివాళ్లకంటే ముందు తెలుసుకునే మనిషి అంత అమాయకంగా అనేసరికి పిన్నికి గుండెలో రాయి పడింది.

అధికారి పదిన్నరకి ఒక్క నిమిషం ముందే వచ్చాడు. సన్నటి మనిషి. ఒక చేతిలో కొలతలు తీసే యంత్రమున్న పెట్టె, ఇంకో చేతిలో దిండంత ఫైలు. స్టూడియోలోకి దుమ్ము రాకూడదని అందరూ చెప్పులు మెట్ల కింద విప్పాలన్న పిన్ని నియమాన్ని చదివి, బూట్లు పద్ధతిగా విప్పి పక్కపక్కన పెట్టి పైకొచ్చాడు. ఆయన కూడా పద్ధతి మనిషేనని తెలిసి పిన్ని ఇంకా భయపడింది. అలాంటివాళ్లకి ఏదీ కనబడకుండా పోదు. ఆ సంగతి ఆమెకి తన అనుభవం మీదే తెలుసు.

"పదిన్నర నుంచి ప్రసారంలో ఒక గంట రీడింగు తీయాలి మేడమ్," అంటూ యంత్రం తీగలు తగిలించాడాయన. "ప్రసార సమయంలో అంతరాయం వస్తే చెల్లదు. మళ్లీ మొదటినుంచి తీయాలి. మళ్లీ రావాలంటే నాకు వచ్చే నెలే కుదురుతుంది."

"అంతరాయమా? మా రేడియోలోనా?" అంది పిన్ని. పక్కగదిలో మూడో ఫ్యాను కిర్రుమంది.

పదకొండయింది. నాలుగేళ్లలో మొదటిసారిగా ఆ వేళకి ఊరి రేడియో ఆగలేదు. అత్తగారు గొంతు సవరించుకుని, పంచదార డబ్బాకి చీమలు పట్టకుండా ఏం చేయాలో మొదలుపెట్టింది.

అధికారి గడియారం చూసుకున్నాడు. ఫైలు తిప్పి ఏదో కాగితం చూశాడు. "మేడమ్, పదకొండయింది కదా..."

"అయ్యో, మీకు టీ సంగతే మరిచిపోయాను!" అంటూ పిన్ని టీకొట్టుకి ఫోన్ చేయబోయింది. అంతలో ఆ ఫోనే మోగింది.

"పిన్నీ, నేను బడి ఆయాని. ఇంకా ఆపరేంటి?"

"ఏది ఆపమంటావు?"

"పెద్దమ్మగారిని. రేడియోని. ఇక్కడ పిల్లలు ఇక ఆగలేమంటున్నారు. హెడ్మాస్టరుగారేమో కాదు, రేడియో ఇంకా మాట్లాడుతోందిగా అంటున్నారు."

పిన్ని ఫోన్ పెట్టేసింది. అత్తగారి చీమలు పసిపిల్లల్ని కూడా వదలలేదన్నమాట. రెండు నిమిషాలకి టీకొట్టాయన ఫోన్ చేశాడు.

"పిన్నీ, పెద్దావిడ ఎప్పుడు ముగిస్తారు? టీ మరిగి మరిగి తారులా అయింది. మెకానిక్ షెడ్డులో ఒక్కడూ పానా కింద పెట్టలేదు. ఆపి పుణ్యం కట్టుకోండి!"

దాని వెనకే గడియారాలు బాగుచేసే ఆయన. "ఏమ్మా, ఈవేళ టైము ఆగిపోయిందా?" అని నవ్వాడు. పిన్నికది ఎత్తిపొడుపులా తగిలింది. శ్రోతలు ఫోన్లు చేసి మరీ ఆపమని బతిమాలుతున్నారు. అధికారి ప్రతి ఫోన్‌కీ తన కాగితం మీద ఒక గీత గీస్తున్నాడు. అప్పటికి మూడు గీతలయ్యాయి.

ఇక లాభం లేదని పిన్ని ఒక పాత స్క్రిప్టు కాగితం వెనక, 'విషయం మార్చండి. శ్రోతలు విసుక్కుంటున్నారు' అని రాసి, తలుపు సందులోంచి అత్తగారి చేతిలో పెట్టింది. అది మనసులో చదువుకోవాల్సిన చీటీ. అత్తగారు ఈ వృత్తిలోకి వచ్చాక కాగితమన్నది పైకే చదువుతుంది.

"ఇదిగో, మా కోడలు చీటీ పంపింది," అంది అత్తగారు మైకులో. "'విషయం మార్చండి, శ్రోతలు విసుక్కుంటున్నారు' అట. విన్నారు కదా! ముప్పయ్యేళ్లుగా నేను ఏం చెబుతున్నా మధ్యలో విషయం మార్చేది ఆవిడే. పోనీలెండి, రేడియో కూడా ఆవిడే తెచ్చింది, ఆవిడ మాట వినాలి. విషయం మారుస్తా. కిరాణా కొట్టాయన ఈ పొద్దున మెట్ల మీంచి జారిపడ్డాడు. కాలు బెణికింది. కట్టు కట్టారు. రెండ్రోజులు కొట్టు తీయడు. కావలసినవాళ్లు..."

అధికారి కలం ఆగింది. "మేడమ్, అది వార్త కదూ?"

పిన్ని వెంటనే అందుకుంది. "వార్త కాదండీ. సానుభూతి."

ఆయన పద్నాలుగు పేజీల ఫారం ముందుకీ వెనక్కీ తిప్పాడు. "సానుభూతికి ఇందులో కాలమ్ లేదు."

"అందుకే రాయక్కర్లేదండీ."

ఆయన ఫారం మూసి, "అది సరే. మీ కాలపట్టిక ప్రకారం ఈ వేళకి మీరు..." అన్నాడు.

"ఏమేవ్! మూడో ఫ్యాను పోయింది!" అని పక్కగదిలోంచి బాబాయి కేక వేశాడు. పిన్ని అధికారి మాట పూర్తికానివ్వకుండానే పరుగెత్తింది.

ట్రాన్స్‌మిటరు గదిలో దృశ్యం చూడవలసిందే. మొదటి ఫ్యాను తిరుగుతోంది. రెండోది తల అడ్డంగా ఊపుతోందిగానీ రెక్కలు తిరగడం లేదు. మూడోది మూలన బోర్లా పడుకుంది. బాబాయి తడి గోనెసంచిని పెట్టె వీపుకి ఆనించి, నీళ్లు లోపలికి కారకుండా చుట్టూ తువ్వాలు కట్టి, రెండు చేతులతో పసిబిడ్డని పట్టుకున్నట్టు పట్టుకుని నిలబడ్డాడు. చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. పిన్ని చుట్టూ చూసింది. చేతికందింది లాగ్ పుస్తకమే. ప్రసారమైన ప్రతి నిమిషం అందులో రాసి దాచాలని నియమం. నాలుగు కిలోల నియమం అది. దాన్ని రెండు చేతులా పట్టుకుని పెట్టెకి విసరసాగింది.

"ఎంతసేపే?"

"ఇంకా పదిహేను నిమిషాలు."

"దీని ఒళ్లు కాలిపోతోంది. నాకు భయంగా ఉంది."

"నాకూ భయంగానే ఉంది. చెయ్యి తీయకండి."

అప్పుడే కిందనుంచి దర్జీ అరిచాడు. "పిన్నీ! నీళ్లు!"

ఈ ఇబ్బంది ఇతనికెలా తెలిసిందో, దేవుడిలా నీళ్లు తెచ్చాడనుకుంది పిన్ని. "తెచ్చి మెట్ల మీద పెట్టు నాయనా!"

"మెట్ల మీదే ఉన్నాయి!"

ఆమె పుస్తకం బాబాయి చేతిలోకి తోసి, కిటికీ దగ్గరికి వెళ్లింది. వీధి లేదు. వీధి ఉండాల్సిన చోట ఒక వాగు పారుతోంది. ఊరి చివర ఎత్తు మీదున్న నీళ్ల ట్యాంకు పొంగి, నాలుగు వైపులా తెరలు కట్టినట్టు దూకుతోంది. బాబాయి దుకాణంలోంచి మిక్సీ జార్లు ఒకదాని వెనక ఒకటి బడికి వెళ్లే పిల్లల్లా వరసగా తేలిపోతున్నాయి. వాటి వెనక ఒక నల్లబూటు.

"ఎడమది నాదే," అన్నాడు వెనకనుంచి అధికారి.

"అయ్యో నా మిక్సీలు!" అన్నాడు బాబాయి. కానీ గోనెసంచి మీంచి చేతులు తీయలేదు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన్ని చూసి పిన్ని కళ్లు చెమ్మగిల్లింది బహుశా అదే మొదటిసారి. చూడ్డానికి మాత్రం టైము లేదు.

ట్యాంకు నింపే మోటారుకీ, వాల్వుకీ కాపలా ఉండేది వాల్వు మావయ్య. ట్యాంకు కిందున్న చిన్న గదిలో కూర్చుంటాడు. రోజూ తొమ్మిదికి మోటారు వేస్తాడు, పదకొండుకి ఆపి వాల్వు కడతాడు. ఇవాళ ఎందుకు కట్టలేదో ఎవరికీ తెలియదు. మనిషి దగ్గర ఫోన్ ఉండదు. ఉన్నదల్లా ఒక పాత రేడియో.

"అయితే రేడియోలో చెబితే సరి!" అంది పిన్ని. మైకు దాకా వెళ్లి ఆగిపోయింది. వెనక అధికారి ఉన్నాడు. "ఏమండీ, ట్యాంకు పొంగిందని చెబితే అది వార్తవుతుందా?"

అధికారి ఫారం తీశాడు. ఆయన వేళ్లు కూడా గబగబా కదులుతున్నాయిప్పుడు. "పొంగింది అంటే జరిగిన సంఘటన. వార్త కిందికి రావచ్చు. వాల్వు కట్టండి అంటే ప్రజాసమాచారం. దానికి అనుమతి ఉంది."

"అయితే పొంగిందని చెప్పకుండా కట్టమంటాను."

"అలా అయితే నాకు అభ్యంతరం లేదు." ఆయన కిందికి చూసి, "త్వరగా చెప్పండి. కుడిది కూడా వెళుతోంది," అన్నాడు.

పిన్ని అత్తగారి భుజం మీంచి వంగింది. "వాల్వు మావయ్యా! ఎందుకని అడగకండి. వెంటనే మోటారు ఆపి వాల్వు కట్టండి! వాల్వు మావయ్యా!"

"ఎందుకో నేను చెబుతాను," అంది అత్తగారు. పిన్ని ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. కోడలిగా ముప్పయ్యేళ్లలో చేయలేనిది అధికారి ఎదుట చేసేసింది.

నీళ్లు తగ్గలేదు. ఇంకోసారి చెప్పింది. తగ్గలేదు. మూడోసారి గొంతు చించుకుంది. ట్యాంకు ఇంకా ఉత్సాహంగా దూకింది. సైకిలు మీద వెళ్లిన దర్జీ మోకాలి లోతు నీళ్లలో సైకిలు మోసుకుంటూ తిరిగొచ్చాడు. "తలుపు లోపల గడియ. ఎంత బాదినా పలకడు. లోపల్నించి మీ గొంతే గట్టిగా వినబడుతోంది!"

అప్పుడు మోగింది ఫోన్. ఈసారి వాల్వు మావయ్య భార్య.

"ఏంటి పిన్నీ, మీకేమైందివాళ? మా ఆయన మీ రేడియో పెట్టుకుంటే తప్ప నిద్రపోడు. అది ఆగితే తప్ప లేవడు. నాలుగేళ్లుగా అదే వరస. మీ రేడియో ఆగగానే ఉలిక్కిపడి లేచి వాల్వు కడతాడు. మీరు ఎంత అరిస్తే అంత హాయిగా పడుకుంటాడు తల్లీ! అరవకండి!"

పిన్ని ఫోన్ చేతిలోనే పట్టుకుని నిలబడిపోయింది. బడి ఆయా మాటలూ టీకొట్టాయన మాటలూ ఇప్పుడు వేరే గొంతుల్లా తిరిగి వినిపించాయి. వాళ్లెవరూ అత్తగారి మీద విసుక్కోలేదు. రేడియో ఆగలేదేమని అడిగారు.

యంత్రం మీద అంకెలు మెరుస్తున్నాయి. పదకొండూ ఇరవై. రీడింగు ముగియడానికి ఇంకా పది నిమిషాలు. ఇప్పుడు ఆపితే రీడింగు పోతుంది. రీడింగు పోతే అధికారి వచ్చే నెల వస్తాడు. ఈలోగా లైసెన్సు గడువు అయిపోతుంది. తరవాత ఈ పెట్టె కింద కొట్లోకి, రిపేరుకొచ్చిన మిక్సీల పక్కకి చేరుతుంది. తొమ్మిదేళ్లు. ఈ బొంతలు, ఈ కర్టెన్లు, మైకుముందు మొదటిసారి నోరు పెగలక ఏడ్చిన ఆడవాళ్లు, తరవాత వారం ఉత్తరం రాసి మళ్లీ పిలవమని అడిగినవాళ్లు. అన్నీ ఆ పది నిమిషాల్లో ఉన్నాయి.

కింద దర్జీ కుట్టుమిషన్లని ఆడవాళ్లు, ముసలివాళ్లు కలిసి బల్లల మీదికెత్తుతున్నారు.

"ఏమండీ," అంది పిన్ని భర్తతో, "చేతులు తీసేయండి."

"రీడింగో?"

"నీళ్లు ఇంట్లోకి వచ్చాక గొంతు ఎక్కడిదాకా పోతుందో కొలిచి ఏం చేసుకుంటాం?" అని ఆమె తానే స్విచ్ ఆపేసింది. తొమ్మిదేళ్లలో దాన్ని ఆమె ముట్టుకోవడం అదే మొదలు. పెట్టె వేడి నిట్టూర్పొకటి విడిచి ఊరుకుంది.

స్టూడియోలో అద్దం అవతల అత్తగారు చేతులు తిప్పుతూ మాట్లాడుతూనే ఉంది. ఆవిడకి చెప్పే తీరికా, ధైర్యమూ ఎవరికీ లేవు.

పిన్ని కిటికీ దగ్గర నిలబడింది. మొదట బడి గంట మోగింది. ఆ వెంటనే పిల్లల గోల పొంగింది. మెకానిక్ షెడ్డులో పానాలు ఒకేసారి నేలమీద పడ్డ చప్పుడైంది. టీకొట్టు ముందు గ్లాసులు గలగలమన్నాయి. గడియారాలాయన కొట్టు మెట్ల మీద కూర్చుని అగ్గిపుల్ల గీశాడు. వీధి చివరి ఇంట్లో ఒకావిడ పక్కింటావిడని, 'రేడియో ఆగింది, పసిదాన్ని పడుకోబెట్టావా' అని కేకేసింది. ఇంకో నిమిషానికి ట్యాంకు మీంచి దూకే నీళ్లు పలచబడి, దారమై, చుక్కలై ఆగిపోయాయి. ఆ గదిలోంచి వాల్వు మావయ్య లుంగీ సర్దుకుంటూ బయటికొచ్చి, కళ్లముందున్న నీళ్లని చూసి, ఇవి ఎవరు వదిలారురా అన్నట్టు నడుం మీద చేతులు పెట్టుకున్నాడు.

నాలుగేళ్లుగా ఆమె ఏ అరగంటకి సిగ్గుపడిందో, ఆ అరగంట మీద ఊరంతా నిలబడి ఉందని పిన్నికి ఆ కిటికీలోంచే తెలిసింది. ఆ వేళప్పుడు ఎప్పుడూ ఈ గదుల్లోనే ఉంటుంది కనుక, తన రేడియో ఆగితే ఊరెలా ఉంటుందో ఆమె ఎన్నడూ వినలేదు.

అధికారి కూడా కిటికీ దగ్గరే ఉన్నాడు. కాసేపటికి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. పిన్ని ఆయన ఎదురుగా కూర్చుంది.

"రాసేయండి," అంది. "మధ్యలో ఆపేశాను. ఎవరూ చెప్పలేదు, నేనే ఆపాను. మా ఆయన తప్పు లేదు, పెద్దావిడ తప్పు అసలే లేదు."

ఆయన ఫైలు విప్పి ఒక కాగితం బయటికి తీశాడు. నాలుగేళ్ల నాటి కాగితం. అక్షరాలు పిన్నివే. 'ఏసీ పాడైన కారణంగా రోజూ 11 నుంచి 11.30 వరకు ప్రసారం ఉండదని తెలియజేస్తున్నాము. కాలపట్టికలో ఈ మార్పు నమోదు చేయగలరు.' కింద ఆమె సంతకం.

"నేను రాసిందే," అంది పిన్ని తెల్లబోయి. ఆ ఆఫీసుకి ఆమె రాసిన ఉత్తరాలు ముప్పయ్యో నలభయ్యో ఉంటాయి. ఒక్కదానికీ జవాబు రాలేదు. అక్కడ అసలు ఎవరూ చదవరని ఆమెకి స్థిరమైన నమ్మకం.

"నమోదు చేశాం. ప్రతి ఉత్తరం చదివాను. జవాబులు రాసే మనిషిని మాకివ్వలేదు, చదివే మనిషిని ఇచ్చారు," అన్నాడాయన. "మీ కాలపట్టికలో పదకొండు నుంచి పదకొండున్నర దాకా ప్రసారం లేదు. లేని ప్రసారానికి అంతరాయం ఉండదు. నా రీడింగు పదకొండుదాకా అయింది. మిగతా అరగంట పదకొండున్నర నుంచి తీసుకుంటాను. ఆ సంగతే రెండుసార్లు అడగబోయాను. మీరు ఒకసారి టీ అన్నారు, ఒకసారి ఫ్యాను అన్నారు."

బాబాయి గుమ్మంలో తడి గోనెసంచితో బొమ్మలా నిలబడిపోయాడు. "అంటే మేం ఆపినందుకు కాదన్నమాట..."

"ఆపనందుకు రాయాలి. ఇరవై నిమిషాలు అనుమతి లేని ప్రసారం."

పిన్నికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పోయిందనుకున్నది తిరిగొచ్చి, తిరిగొచ్చింది మళ్లీ పోతున్నట్టనిపించింది. అధికారి కలం తీసి, ఫారం మీద వంగి, చాలాసేపు ఆలోచించాడు. ఆ ఆలోచనలో ఒకసారి తడి సంచి వైపు, ఒకసారి చమటకి ఉబ్బిన లాగ్ పుస్తకం వైపు చూశాడు.

"ఆ సమయంలో యంత్రాన్ని అదనపు భారంతో పరీక్షించారు కదా?"

"పరీక్షించాం," అన్నాడు బాబాయి మనస్ఫూర్తిగా.

"తనిఖీ అధికారి సమక్షంలో?"

"మీరిక్కడే ఉన్నారు కదండీ."

"అయితే అది పరీక్షా ప్రసారం. దానికి వీలుంది," అని ఆయన రాసుకున్నాడు. తరవాత పదకొండో పేజీకి వెళ్లాడు. అక్కడ ఒక కాలమ్: 'స్థానికులు ఈ రేడియోను వింటున్నారనడానికి ఆధారాలు'. "ఈ కాలమ్‌కి అన్ని స్టేషన్లలోనూ సంతకాల కట్టలు ఇస్తారు మేడమ్. అన్నీ ఒకే కలంతో పెట్టి ఉంటాయి. మీ కట్ట ఏది?"

"కట్ట లేదండీ," అంది పిన్ని. "చేయించడానికి కాగితాలు మిగల్లేదు."

ఆయన తల ఊపి, ఆ కాలమ్‌లో ఒకే ఒక్క మాట రాశాడు. పిన్ని తలకిందులుగా చదివింది. 'చూశాను.'

పదకొండున్నరకి బాబాయి స్విచ్ వేశాడు. పెట్టె ఏమీ జరగనట్టు లేచింది. అద్దం అవతలి తలుపు తెరుచుకుని అత్తగారు బయటికొచ్చింది. ముఖం వెలిగిపోతోంది.

"చివరి పది నిమిషాలూ ఎలా వచ్చిందే? అసలైన సంగతులన్నీ అప్పుడే చెప్పాను."

"అద్భుతంగా వచ్చింది పెద్దమ్మగారూ," అన్నాడు అధికారి. ఆ మనిషి ఆ రోజు చెప్పిన ఒకే ఒక్క అబద్ధం అది. దాన్ని ఎక్కడా రాసుకోలేదు. దర్జీ ఆరబెట్టి ఇచ్చిన బూట్లు తొడుక్కుని, రెండో రీడింగు కట్ట చంకన పెట్టుకుని పన్నెండున్నరకి వెళ్లిపోయాడు. బూట్లు అడుగు వేసినప్పుడల్లా నీళ్లు కక్కుతున్నాయి.

లైసెన్సు గడువు ముగియడానికి ఒక రోజు ముందు ఆఫీసునుంచి కవరు వచ్చింది. తొమ్మిదేళ్లలో అదే మొదటి జవాబు. ఇంకో ఐదేళ్లకి పొడిగింపు. అడుగున ప్రత్యేక షరతు ఒకటుంది: పదకొండు నుంచి పదకొండున్నర వరకు ఉన్న విరామాన్ని ముందస్తు అనుమతి లేకుండా మార్చరాదు. పిన్ని ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, బొంతకి గుండుసూదితో గుచ్చింది. కొత్త ఏసీకి దరఖాస్తు మళ్లీ పెడదామా అని బాబాయి అడిగితే, ఇంకా ఆలోచిస్తున్నానంది.

ఆ వారం అత్తగారి కార్యక్రమానికి ఎప్పటికంటే రెట్టింపు ఉత్తరాలు వచ్చాయి. అన్నింట్లోనూ ఒకే కోరిక: ఆ చివరి పది నిమిషాల్లాంటిదే ఇంకోటి సాయంత్రం కూడా పెట్టమని.